పదిహేడో నంబరు బిళ్ళ

ట్రైనింగ్ రూముకు కిటికీ లేదు. తలుపుకు బయటినుంచి గడియ పెట్టి, కాపలాగా ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టారు. గడియ తీయించుకుని లోపల అడుగు పెట్టగానే దుర్గాదేవి వెనక్కి తిరిగి తలుపు వంక చూసుకుంది. మూసిన గదులంటే ఆమెకు చిన్నప్పటినుంచీ పడదు. లిఫ్టు ఉన్నా ఆరంతస్తులు మెట్లెక్కే రకం. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోదు. డిటెక్టివ్‌కి భయమేమిటని నవ్వేవాళ్ళు పటాన్‌చెరులో తక్కువేం లేరు, వాళ్ళలో మొదటివాడు ఆ గదిలోనే కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"రండ్రి మేడం, మీరొక్కలే తక్కువైండ్రు," అన్నాడు సీఐ శ్రీశైలం. "టైం పన్నెండు నలభై. రెండింటికి ఈ పిల్లను జీపెక్కించి సంగారెడ్డి కోర్టుకు తోల్కపోత. అప్పటిదాంక మీ ముచ్చట కానియ్యుండ్రి."

"ముత్తంగి గోదాం కేసులో కూడా మీరిలాగే తొందరపడ్డారండీ," అంది దుర్గాదేవి, కుర్చీ లాక్కుంటూ.

సీఐ మొహం మాడిపోయింది. ఆ కేసులో ఆయన పట్టుకొచ్చిన దొంగ దొంగే కాదని నిరూపించింది ఈవిడే.

మూల కుర్చీలో రవళి ముడుచుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఈ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు రికార్డులు చూసే ఉద్యోగం. పొద్దున ఆరింటినుంచి ఆ గదిలోనే ఉంది. ముందు పెట్టిన టీ మీద మీగడ కట్టింది.

సంగతి ఇదీ. మొన్న గురువారం నాలుగో నంబరు ట్యాంకు కడగడానికి దిగిన యాదన్న అందులోనే చనిపోయాడు. కడిగిన ట్యాంకులో మళ్ళీ సరుకు పోసేముందు కిందినుంచి నైట్రోజన్ తోలి, లోపలి గాలినంతా పైకి నెట్టేస్తారు. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. లోపల మనిషుంటే నాలుగు గుక్కల్లో తెలివి తప్పుతుంది. కంట్రోల్ రూముకు కాస్త ముందే వచ్చిన రెండో షిఫ్టువాళ్ళు ఒంటిగంట యాభైకి ఆ గ్యాసు తెరిచారు. తెరవక ఏంచేస్తారు, షిఫ్టు రికార్డులో స్పష్టంగా ఉంది మరి: 'నాలుగో ట్యాంకు శుభ్రపరచడం పూర్తి. లోపలివారందరూ బయటికి వచ్చారు. సమయం 1:36.' దానికింద రవళి పేరు.

దుర్గాదేవిని ఇక్కడికి పంపింది యాదన్న భార్య ఆగమ్మ. నిన్న చిట్కుల్‌నుంచి ఆటోలో వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్ల గట్ల రాయది మేడం. మా ఆయన ఆమెను బిడ్డ లెక్క సూసుకుండు. నా మనిషి ఎట్లనో పోయిండు, ఆ పిల్లనన్న జైలుకు పోకుండ సూడుండ్రి." చచ్చిపోయినవాడి పెళ్ళామే నిందితురాలి కోసం రావడం దుర్గాదేవి ఇరవయ్యేళ్ళ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలోనూ, ఆ తర్వాతా ఎన్నడూ చూడలేదు. కాదనలేకపోయింది.

"ఆ మాట నువ్వు రాశావా అమ్మా?"

"రాయలే మేడం. లాగిన్ నాది కాబట్టి నా పేరుంటది. రాసేది ఏఐ. ఆ రోజు పర్మిట్లు, షిఫ్టుల అయిన పనులు అన్నీ కలిపి అదే రిపోర్టు తయారు చేస్తది. నేను చదివి పంపాలె. కని వారం సంది అది నా దగ్గరికి రాకుండనే సీదా పోతుంది. అడిగితే ట్రయల్ అన్నరు."

"రోజూ ఒంటిగంట ముప్పై ఆరుకేనా?"

"రోజు అప్పుడే. షిఫ్టు రెండింటికి అయిపోతది గని, బస్సు కోసం అందరు ముందుగల్లనే రాసి పెట్టుకుంటరు. ఎన్నో ఏండ్ల సంది గదే అలవాటు. చేతితోని రాసినప్పుడు ఒక్క గడి మాత్రం ఖాళీగ ఇడుస్తుంటిమి, లోపల ఎంతమంది ఉన్నరు అనేది. దిగేటోళ్ళు బోర్డుకు తగిలించిన నంబరు బిళ్ళలల్ల ఆఖరిది తీసినంకనే అది నింపాలె. ఏఐకి ఖాళీ ఇడ్సుడు రాదు మేడం. రోజు ఏముంటదో అదే నింపుతది. అందుకే ఆ పని దానికి ఇయ్యొద్దనుకున్నం."

"ఎవరనుకున్నారు?"

"మేం ముగ్గురం. ప్లాంటు మేనేజర్ ప్రభాకర్ సార్, నేను, కార్మికుల తరఫున యాదన్న. మూడు రోజులు క్యాంటీన్‌ల కూసొని, ఏ పని ఏఐకి ఇయ్యాలె, ఏది ఇయ్యొద్దు అని పట్టిక చేసినం." రవళి కళ్ళు తుడుచుకుంది. "సెలవుల నోటీసు, ఒడియా వాళ్ళ కోసం తర్జుమాలు, సరుకు పంపేటోళ్ళకు ఉత్తరాలు, ఇవన్నీ ఇచ్చేసినం. యాదన్న దేనికీ అడ్డం చెప్పలే. ఆఖరికి ఒక్కదానికే మొండికేసిండు. 'తెల్వదు అనుడు దానికి రాదు బిడ్డా. బిళ్ళ బోర్డు మీదుంటే మనిషి సంగతి తెల్వదని అర్థం. గా మాట చెప్పేటోడే అక్కడ ఉండాలె' అన్నడు. మనిషే చెయ్యాలె అనే వరుసల ఆ పని రాయించినాకనే సంతకం పెట్టిండు."

ఏ పని ఇవ్వొద్దని ఆ మనిషి పట్టుబట్టాడో, సరిగ్గా ఆ పనే ఆయన్ని మింగింది.

"అయిపోయిందా?" సీఐ ఒక కాగితం బల్లమీద పడేశాడు. "ఇగో, ఈమె వాంగ్మూలం. 'షిఫ్టు నివేదికను ముందుగానే నమోదు చేసే అలవాటు ఉన్నట్లు అంగీకరించారు.' సాఫ్‌గ ఉన్నది."

"ఇది మీరు రాశారా?"

"కంపెనోళ్ళ ఏఐతోని రాయించిన. రెండు గంటల ముచ్చట అర పేజీ చేసింది. మా రైటర్‌కైతే పొద్దు గూకేది."

"ఒక గడి ఖాళీగా వదులుతామని ఇప్పుడు మీ ఎదురుగానే చెప్పింది. పొద్దున చెప్పలేదా?"

"చెప్పింది." సీఐ కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. "పదిసార్లు చెప్పింది."

"మరి ఆ ముక్క ఇందులో ఏదండీ? అమ్మాయిని జైల్లో పెట్టే మాట ఉంది, కాపాడే మాట ఎగిరిపోయింది. ఒక మనిషి వాంగ్మూలాన్ని కుదించే పని దేనికి అప్పగించారో తెలుస్తోందా మీకు?"

సీఐ కాగితాన్ని మళ్ళీ చదివాడు. ఈసారి పెదాలు కదుపుతూ చదివాడు.

అప్పుడే ప్రభాకర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. ఎడమ మణికట్టుమీద పాత కాలిన మచ్చ ఉండటంతో బంగారు రంగు గడియారం కుడిచేతికి పెట్టుకుంటాడు. "మేడం, ఏఐ దానంతటది ఏం రాయది. మనిషి ఇచ్చిందే రాస్తది. పట్టిక క్యాంటీన్ గోడకే ఉన్నది, చూసుకోండ్రి. మనుషుల లెక్క ఏఐ వరుసలనే ఉన్నది."

"చూశానండీ, వస్తూ వస్తూ. కాగితం కొత్తది. గోడమీద వెలిసిపోని ముక్క మాత్రం దానికన్నా జానెడు పెద్దది. అక్కడ ఇంకో పట్టిక చాలా రోజులుండేది."

"పాతది చినిగింది. మార్చినం."

"అది మేం చేసిన పట్టిక కాదు సార్!" రవళి లేచి నిలబడింది. "మేం ముగ్గురం సంతకాలు పెట్టిన రిజిస్టర్ ఏది?"

"కూసో," అన్నాడు ప్రభాకర్ మెత్తగా. ఆ మెత్తదనానికే ఆ పిల్ల కూలబడిపోయింది. "యాదన్న మంచోడే మేడం. కని పని అయిపోయినంక మళ్ళ దిగే ఆదత్ ఉండె. బిళ్ళ తీసుకున్నడు, ఏదో మర్సిపోయి బిళ్ళతోనే దిగిండు. పంచనామాల కూడ బిళ్ళ లోపలే దొరికిందని ఉన్నది. నేనైతే అక్కడికి పోయిందే మూడు దాటినంక, బాడీ తీసినంక."

దుర్గాదేవి పంచనామా అడిగి తీసుకుంది. అందులో కానిస్టేబుల్ పెన్సిల్‌తో గీసిన బొమ్మ ఒకటుంది. వంకరటింకర బొమ్మే, కానీ ఆ కుర్రాడు కొలతలు వేశాడు. శవం ట్యాంకు మూతినుంచి ఆరడుగుల అవతల, కింది గొట్టం దగ్గర. బిళ్ళ సరిగ్గా ఆ మూతి కింద. పక్కన చిన్న అక్షరాలతో 'అంచు వంగి ఉన్నది' అని కూడా రాశాడు. ప్రభాకర్ మాటల్లో ఇవేవీ లేవు.

"సీన్ చూడాలి. ట్యాంకులోకి దిగుతాను," అంది.

అన్నది ఆమే, అదిరిపడిందీ ఆమే.

ప్రభాకర్ ఒక్క క్షణం చూసి, "దిగుండ్రి. పర్మిట్ నేనే సంతకం పెడ్త," అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆమె సీఐని తలుపు చాటుకు పిలిచింది. "ఒక్క సాయం చెయ్యండి. ఒకటీ ముప్పై ఆరుకు కంప్యూటర్ ముందు కూర్చోండి. రవళి చేతులు మీ కళ్ళముందు, బల్లమీదే ఉండాలి. ఆ టైముకు నేను ట్యాంకులోనే ఉంటాను. అది ఏం రాస్తుందో చూసి వాకీటాకీలో చెప్పండి. ఈ సంగతి మేనేజర్‌కి తెలియనివ్వకండి."

"రెండు దాటి ఒక్క నిమిషం కూడ ఆగ."

"ఆగొద్దు."

నాలుగో ట్యాంకు మూతి మొదటి అంతస్తు గచ్చులోంచి పైకి లేచి ఉంది. మనిషి భుజాలు పట్టేంత వెడల్పు. పక్కనే మేకులు కొట్టిన చెక్కబోర్డు. దిగేవాడు తన నంబరు బిళ్ళను మేకుకు తగిలించి దిగుతాడు, పైకొచ్చాక తీసుకుంటాడు. మేకు బోసిపోతేనే ట్యాంకు ఖాళీ అయినట్టు. గోడ వారగా గ్యాసు కొళాయి పక్కన రబ్బరు గొట్టం చుట్ట చుట్టి ఉంది. పైన ఎప్పుడూ ఒక కాపలా మనిషి ఉండాలి. గురువారం ఉన్నదీ, ఇవాళ ఉన్నదీ బాలప్పే.

"గురువారం ఎన్నింటికి వెళ్ళావు బాలప్పా?"

"రెండింటికి మేడం. సైరన్ అయినంకనే."

"మరి బస్సులో రుమాళ్ళు ఎవరేశారు?"

బాలప్ప చూపు గోడ గడియారం మీదికి పోయింది.

"మా నాన్న కాకినాడనుంచి వచ్చి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు చేశాడు. రోజూ ఆ బస్సే. సైరన్ అయ్యాక వెళ్ళినవాడికి ఏనాడూ సీటు దొరకలేదు. ఒకడు ముందు వెళ్ళి అందరి రుమాళ్ళూ వెయ్యాల్సిందే. నీ బ్యాచ్‌లో ఆ ఒకడు ఎవరు?"

ముసలాయన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కిందికి చూశాడు. "నేనే మేడం. నౌకరి ఇంక ఏడు నెల్లే ఉన్నది. కాపలా ఇడిసి పోయిన్నని తెలిస్తే ఇప్పుడే ఎల్లగొడ్తరు. ఆ బుగులుకు చెప్పలే."

"ఎన్నింటికి వెళ్ళావు?"

"ఒకటి ముప్పై ఎనిమిది. గోడ గడియారం చూసే పోయిన. ఐదుగురి రుమాళ్ళు నా చేతుల ఉండె. యాదన్న లోపల్నుంచే తనది పైకి ఇసిరిండు. 'ఇంకో పది నిమిషాలు పడ్తది, కిటికీ పక్కన ఎయ్యి బాలప్ప' అన్నడు."

ముప్పై ఎనిమిది. రికార్డు ప్రకారం అప్పటికే రెండు నిమిషాల కిందట యాదన్న బయటికొచ్చేశాడు!

"బస్సులో ఆయన లేడని ఎవరూ చూడలేదా?"

"రుమాలున్నది గద మేడం. రుమాలుంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఎనక ఎవరితోనన్న ముచ్చట పెడ్తుండు అనుకున్నం. ఆ సీట్ల ఎవ్వరు కూసోలే. చిట్కుల్ల అందరం దిగినంక చూస్తే రుమాలొక్కటే ఉన్నది." బాలప్ప అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆగమ్మకు నేనే తీస్కపోయి ఇచ్చిన."

దుర్గాదేవి ఖాళీ మేకుల బోర్డు వంక చూసింది. అంతమంది మనుషులు ఒక రుమాలును చూసి మోసపోయారు, ఆ కంప్యూటర్‌నొక్కదాన్నే అనేదేముంది అనిపించింది. కాకపోతే రుమాలును నమ్మి ఎవరూ గ్యాసు తెరవలేదు. అదీ తేడా.

"నువ్వు వెళ్ళేటప్పుడు బిళ్ళ ఎక్కడుంది?"

"బోర్డు మీదనే ఉండె. నా కండ్లతోని చూసిన. పదిహేడు."

అయితే ఆ బిళ్ళను తీసి లోపల పడేసింది ఇంకెవరో. యాదన్న తనంతట తానే మళ్ళీ దిగాడని లోకం అనుకోవాలని.

ఆమె కిందికి వెళ్ళి, గ్యాసు రాకుండా నైట్రోజన్ గొట్టానికి అడ్డంగా ఇనప పళ్ళెం బిగించి ఉందో లేదో తనే వేలితో తట్టి చూసుకుంది. ఉంది. మళ్ళీ పైకొచ్చి విజిటర్ బిళ్ళ, మూడో నంబరు, మేకుకు తగిలించింది. "నేను పైకొచ్చేదాకా కదలొద్దు బాలప్పా."

"ఆగమ్మ మీద ఒట్టు మేడం. కదల."

ఒకటీ ఇరవై రెండుకు తాళ్ళ నిచ్చెన పట్టుకుని దిగింది. మూడో మెట్టుకే చెమటలు పట్టాయి. నాలుగువైపులా ఉక్కు గోడ. తన ఊపిరి తనకే తిరిగొచ్చి చెవిలో పడుతోంది. ఇప్పుడే పైకెక్కిపోతే ఎవరు మాత్రం ఏమంటారు అని మనసు బతిమాలింది. రవళి ముందున్న చల్లారిన టీ గుర్తొచ్చింది. పన్నెండడుగులూ దిగింది.

టార్చి వేసి, మూతికి సరిగ్గా కింద నేలమీద వెతికింది. నున్నటి ఉక్కుమీద గోరంత కొత్త గీత, లోతుగా ఒక చిన్న నొక్కు. దిగే మనిషికి రెండు చేతులూ నిచ్చెనకే సరి. ట్యాంకులోకి తొడిగే దుస్తులకు జేబులుండవు. చేతిలోంచి జారిన బిళ్ళ ఇంత నొక్కు పెట్టదు. పైనుంచి పడిందే ఇది.

పైన అడుగుల చప్పుడు. మెత్తటి గొంతొకటి వినబడింది. "బాలప్ప, సీఐ సార్ పిలుస్తుండు. నీ స్టేట్‌మెంట్ కావాల్నంట."

"మేడం లోపలున్నది సార్..."

"నేనున్న గద, పో. మళ్ళ సీఐ గరమైతడు."

పోలీసు పేరు వినగానే ఆ భయస్థుడి కాళ్ళు ఆగలేదు. ఇనప మెట్లమీద చప్పుడు దూరమైపోయింది.

చేతిలోని వాకీటాకీ గరగరలాడితే, పైకి వినబడకుండా చెవికి ఆనించుకుంది. టైము ఒకటీ ముప్పై ఏడు.

"మేడం!" సీఐ గొంతులో ఎన్నడూ లేని తత్తరపాటు. "వచ్చింది మేడం. పిల్ల చేతులు నా ముంగటనే ఉన్నయి, కీబోర్డు ఎవ్వడు ముట్టలే. 'నాలుగో ట్యాంకు తనిఖీ పూర్తి. విజిటర్ దుర్గాదేవి బయటికి వచ్చారు. సమయం 1:36' అని రాసింది. కింద ఈ పిల్ల పేరే! మీరు నిజంగ బయటికి వచ్చిండ్రా?"

"లేదండీ. ట్యాంకు అడుగునే ఉన్నాను."

సీఐ వెనకనుంచి ఆడపిల్ల ఏడుపు వినిపించింది, పట్టపగ్గాల్లేని ఏడుపు.

"ఈ పిల్లను ఇడుస్తున్న మేడం," అన్నాడు సీఐ. "నా అర పేజీ కూడ చింపేస్తున్న. ఇంక మీరు బయటికి రాండ్రి."

దుర్గాదేవికి కళ్ళు చెమ్మగిల్లాయి. గెలిచింది. ఆగమ్మకు ఇచ్చిన మాట నిలబడింది. నిచ్చెన కోసం చెయ్యి చాపుతూ, "వస్తున్నానండీ. మీరు పిలిపించారుగా, బాలప్ప చెప్పేది కూడా రాసుకోండి," అంది.

"బాలప్పనా? నేనెవ్వరిని పిలువలే మేడం."

చాపిన చేతికి నిచ్చెన అందలేదు. తాడు గోడకు రాసుకుంటూ పైకి పోతోంది.

'టంగ్' మంటూ ఏదో వచ్చి ఆమె పాదం పక్కన పడింది. ఉక్కు గోడలన్నీ ఒక్కసారి మోగాయి. వంగి తీసింది. విజిటర్, మూడో నంబరు.

తలెత్తి చూసింది. మూతి వెలుతురుకు అడ్డంగా ఒక చెయ్యి, కుడిచెయ్యి, మణికట్టుకు బంగారు రంగు గడియారం. ఆ చెయ్యి రబ్బరు గొట్టం కొసను లోపలికి వేలాడదీసింది. 'సుయ్' మని చప్పుడు మొదలైంది. వాసనేమీ రాలేదు. కింది గొట్టానికి పళ్ళెం వేసి ఉందని నమ్మి దిగింది తను, పైన చుట్టచుట్టిన గొట్టాన్ని చూసి కూడా తట్టలేదు.

రికార్డు ప్రకారం ఆమె బయటికొచ్చేసింది. బిళ్ళ లోపల దొరుకుతుంది. మళ్ళీ ఎవరికీ చెప్పకుండా దిగిందంటారు, పట్టిక మార్చినవాణ్ణి ఇక ఎవరూ వెతకరు. రవళిని విడిపించిన వాక్యమే ఇప్పుడు ఆమెను పూడ్చిపెట్టబోతోంది. పైనున్నవాడికి తెలియనిది ఒక్కటే: ఆ వాక్యం పుట్టడాన్ని ఒక పోలీసు కళ్ళారా చూశాడు.

"శ్రీశైలం గారూ! ప్రభాకర్! గ్యాస్..."

ఇనప మూత జరుగుతున్న మోతలో ఆ మాటలు ఎంతవరకు వెళ్ళాయో ఆమెకు తెలియలేదు. వాకీటాకీ ఒకసారి గురగురమని మూగబోయింది. టార్చి వెలుగులో చేతిలోని బిళ్ళ కనిపించింది. అచ్చం పదిహేడో నంబరుకు వంగినట్టే, దాని అంచు కూడా వంగింది.